మా సార్ ఓటు

నాకు కళ్ళు కుట్టాయి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ అడగక్కర్లేకుండా. ఖతర్‌లో పదకొండేళ్ళుగా బండి నడుపుతున్నాను. ఇక్కడి వాళ్ళ మేడలు చూశాను, పడవంత కార్లు చూశాను, వాళ్ళ పెళ్ళిళ్ళకు పార్కింగ్‌లో కాపలా కాశాను. ఏనాడూ అసూయ అనిపించలేదు. వాళ్ళది వాళ్ళది, మనది మనది. కానీ నా బండి వెనక సీట్లో కూర్చునే ఒక మనిషి, మా వాళ్ళలాగే నల్లగా, అచ్చం మా మేనమామ ముక్కుతో ఉన్న మనిషి, రెండేళ్ళపాటు నా నిద్ర పాడుచేశాడు. ఆయన నాకు చేసిన అన్యాయమేమీ లేదు. ఆయనకు ఓటు ఉంది, అంతే.

ఆయన దోహాకు గంట దూరంలో మెసయీద్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. కాపురం దోహాలో, అల్ సద్ పేటలో. నేను ఆ ఫ్యాక్టరీకి బళ్ళు తిప్పే కంపెనీలో డ్రైవర్ని. దోహాలోనే అల్ ముంతజాలో ఒక గదిలో ఆరుగురం ఉంటాం. పొద్దున ఆరున్నరకు ఆయన్ని ఎక్కించుకుని మెసయీద్‌లో దింపడం, సాయంత్రం మళ్ళీ అల్ సద్‌కు చేర్చడం నా డ్యూటీ. మొదటి రోజు ఆయన్ని చూడగానే నోరు ఆగక "నమస్కారమండి, ఏ ఊరండి మనది?" అని తెలుగులోనే పలకరించాను. ఆయన నవ్వి, తెలుగు రాదనీ, తాను ఫ్రెంచి వాణ్ణనీ ఇంగ్లీషులో చెప్పాడు. ఫ్రెంచి వాడా! అద్దంలో ఇంకోసారి చూశాను. ముక్కు మా మేనమామదే.

ఆయనది రీయూనియన్ అనే దీవి. మారిషస్ పక్కన, హిందూ మహాసముద్రంలో ఉంటుంది. మధ్యలో ఒక అగ్నిపర్వతం, చుట్టూ చెరకు తోటలు. అంత దూరంలో ఉన్నా అది ఫ్రాన్సులో భాగమే. ఒకప్పుడు చెరకు నరకడానికి దొరలు మన వాళ్ళను ఓడల్లో అక్కడికి తీసుకుపోయారట. ఆయన తాతకు తాత అలా వెళ్ళినవాడే. ఆ పాత కాగితం ఫొటో ఆయన ఫోన్‌లో ఉంది. ఓడ ఎక్కిన రేవు యానాం అని రాసి ఉంది. యానాం మా ఊరికి సైకిలు దూరం. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి అక్కడికి సినిమాలకు పోయేవాళ్ళం. "సార్, అయితే మీరు మా వాళ్ళే!" అన్నాను. నిజంగానే సంబరపడ్డాను. ఆ సంబరం నెల తిరక్కుండానే పోయింది.

ఎందుకంటే ఆయనకు రాజకీయాల పిచ్చి. నాకూ అదే పిచ్చి. మేం మాట్లాడుకునేది ముక్కల ఇంగ్లీషు. దాన్నే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వాళ్ళ దీవి పాలన సంగతి ఆయన చెబుతుంటే నేను మా మండలానికి పోల్చుకుంటూ అర్థం చేసుకునేవాణ్ణి. పారిస్ నుంచి ఒక అధికారిని పంపుతారు, ఆయన్ని ప్రిఫెక్ట్ అంటారు. అంటే మా కలెక్టరు. అంత చిన్న దీవికి ఒకటి కాదు, రెండు పరిషత్తులు ఉన్నాయట. రెండూ అదే నేల మీద పెత్తనం చేస్తాయి. ఇద్దరు అధ్యక్షులు. "రోడ్డు గుంట పడితే ఈయన ఆయన్ని చూపిస్తాడు, ఆయన ఈయన్ని చూపిస్తాడు" అన్నాడు. ఆ మాటకు నేను స్టీరింగ్ మీద కొట్టి మరీ నవ్వాను. మా ఊరి కాలవ గట్టు సంగతి గుర్తొచ్చింది.

ఊరూరికీ మేయరు ఉంటాడు. అసలు పెత్తనం ఆయనదే. దీవికి ఓడల మీద వచ్చే ప్రతి సరుకు మీదా ఒక పన్ను వేస్తారు, అందులో పెద్ద వాటా ఊళ్ళకే పోతుంది. మునిసిపాలిటీలో ఉద్యోగాలు మేయరు చేతుల్లో ఉంటాయి. అందుకని మేయరు ఎన్నిక వచ్చిందంటే అన్నదమ్ములు కూడా మాట్లాడుకోరట. ఇవి కాక పారిస్ పార్లమెంటుకు తమ మనుషుల్ని గెలిపించి పంపుతారు. వాళ్ళు అక్కడ లేచి నిలబడి, మా దీవిలో బియ్యం రేటు ఇలా ఉందేమిటని మంత్రిని నిలదీస్తారు. "సార్, మీ మనిషి, మీలాంటి రంగున్న మనిషి, పారిస్‌లో మంత్రిని అడుగుతాడా?" అన్నాను. "ఎందుకు అడగడు? అడక్కపోతే మళ్ళీ గెలిపించం" అన్నాడు, అదేదో చాలా మామూలు సంగతి అయినట్టు.

అప్పుడు మొదలైంది నాకు కడుపుమంట. రేవు ఒకటే. ఆయన తాతకు తాత ఓడ ఎక్కాడు, మా తాతకు తాత ఒడ్డున నిలబడి చూశాడు. ఎక్కినవాడి వంశం పారిస్‌లో మంత్రిని నిలదీస్తోంది. చూసినవాడి వంశంలో నేను ఆయన కారు నడుపుతున్నాను. నేను కూడా సముద్రం దాటి కూలికే వచ్చాను కదా! ఇక్కడ ఇంకో నాలుగు తరాలు బండి నడిపినా మా వంశంలో ఎవరికైనా మేయరు ఎవరో తేల్చే హక్కు వస్తుందా? వీసా అయిపోయిన రోజున యల్లా, ఇక పద అంటారు, అంతే. ఈ లెక్కలన్నీ స్టీరింగ్ పట్టుకుని వేసుకునేవాణ్ణి. వెనక సీట్లో ఆయన హాయిగా కునుకు తీసేవాడు. ఆ కునుకు చూస్తే ఇంకా ఒళ్ళు మండేది.

దీవి మాట అలా ఉంచండి. నా మంటకు అసలు కారణం మా ఊళ్ళోనే ఉంది. మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్ళకు వచ్చింది. మా ఆవిడ వార్డు మెంబరుగా నిలబడింది. నేను వద్దంటే వినలేదు. "వీధి కుళాయి కోసం ఎంతమంది కాళ్ళు పట్టుకుంటామండీ? నేనే నిలబడతాను" అంది. సరే, నా ఒక్క ఓటు కోసం కంపెనీని బతిమాలి, వారం సెలవు పెట్టి విమానం ఎక్కాను. పొద్దున్నే తలంటుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని, బడి దగ్గర వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. బల్ల దగ్గరాయన కాగితాలు తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు. "మీ పేరు లేదండి. తీసేశారు" అన్నాడు.

తీసేశారు! నేను ఊళ్ళో ఉండటం లేదని, దుబాయ్‌లో ఉంటున్నానని ఎవరో కాగితం పెట్టారట. నేను ఉండేది దుబాయ్ కాదు, ఖతర్ అని అక్కడే అరిచాను. ఎవరికి కావాలి? వెనక నిలబడినవాళ్ళు నవ్వారు. తల కొట్టేసినట్టయింది. సాయంత్రం లెక్కపెట్టారు. మా ఆవిడ ఒక్క ఓటుతో ఓడిపోయింది. ఒక్కటి! నేను వేసి ఉంటే సమానం అయ్యేది, చీటీ అయినా తీసేవారు. మా ఆవిడ ఆ రాత్రి ఏడవలేదు. కుళాయి దగ్గరికి బిందె తీసుకుని వెళ్ళింది, ఎప్పటిలాగే.

కాగితం పెట్టింది ఎవరో తర్వాత తెలిసింది. మా చిన్నాన్న కొడుకు. నా కంటే నాలుగేళ్ళు చిన్న, చిన్నప్పుడు నా భుజాల మీద తిరిగినవాడు, మా ఎదురింటివాడు. "వాడికి కుళ్ళండీ, మన డాబా చూసి కుళ్ళు" అంది మా ఆవిడ. ఆ రోజు నుంచి వాడితో మాట లేదు. దోహా వచ్చాక కూడా రోజూ పళ్ళు తోముకుంటూ వాణ్ణి తిట్టుకునేవాణ్ణి. ఎంత నీచుడైతే సొంత అన్న ఓటు తీయిస్తాడు? మనిషన్నవాడు చేసే పనేనా అది?

ఇంతలో సార్ వాళ్ళ ఊళ్ళో మేయరు ఎన్నిక వచ్చింది. "సార్, పాపం మీకూ వెళ్ళడానికి కుదరదు కదా" అన్నాను, జాలి పడుతున్నట్టు. లోపల సంతోషంగానే ఉంది. ఆయన, "వెళ్ళక్కర్లేదు. నా ఓటు మా అక్క వేస్తుంది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. వాళ్ళకు అలా ఒక పద్ధతి ఉందట. పరాయి దేశంలో ఉన్నవాడు తన ఎంబసీకి స్వయంగా వెళ్ళి, ఫలానా మనిషి నా బదులు ఓటు వేస్తారు అని కాగితం రాసిస్తే చాలు. అక్కడ ఆ మనిషి పోలింగ్ బూత్‌కు వెళ్ళి ముందు తన ఓటు, తర్వాత ఈయన ఓటు వేస్తారు. అది ఈయన వేసినట్టే లెక్క.

నేను విమానం ఎక్కి వెళ్ళి, తలంటుకుని నిలబడితే పేరు లేదన్నారు. ఈయన ఇక్కడ ఏసీ కారులో కూర్చుని ఓటు వేస్తాడు.

సాయంత్రం గదిలో ఆ సంగతి చెప్పాను. నా పక్క మంచం మీద జగిత్యాల అన్న ఉంటాడు. సైట్లలో మేస్త్రీ పని చేస్తాడు. ఆయన అన్నం కలుపుకుంటూ నవ్వాడు. "అరే భాయ్, గాయినె ఓటేసుకుంటే నీకేంది కడుపుమంట? నా పేరు లిస్టుల ఉన్నదో పోయిందో పదేండ్ల సంది నేను చూడనే లేదు. గా ఫ్రెంచాయినె నీ ఓటు గుంజుకున్నడా?" అన్నాడు. గుంజుకోలేదు. గుంజుకుని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు, తిరిగి లాక్కునేవాణ్ణి.

ఎన్నిక ఆదివారం. మాకిక్కడ శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి ఎంబసీకి గురువారమే ఆఖరు. పన్నెండింటికి తలుపు మూస్తారు. సార్ ఫ్యాక్టరీలో ఏదో మిషను ఆగిపోయి ఆ వారమంతా కదలలేకపోయాడు. గురువారం పదిన్నరకు పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కాడు. "యల్లా, యల్లా! పన్నెండింటికి మూసేస్తారు. గుర్తుందా?" అన్నాడు. గుర్తుంది సార్ అన్నాను. మామూలుగా అయితే గంటలో చేర్చగలను.

ఏం చేశానో దాచకుండా చెబుతాను. ముందు పెట్రోలు బంకులోకి తిప్పాను. టాంకులో సగం పైనే ఉంది. అయినా "పెట్రోలు చాలదు సార్" అన్నాను. బంకులో నా ముందు మూడు బళ్ళు ఉన్నాయి, నిలబడ్డాను. అది అయ్యాక టైరులో గాలి తక్కువగా ఉందని దిగి నాలుగు చక్రాలూ చూశాను. తర్వాత పెద్ద రోడ్డు వదిలేసి, లారీలు పోయే దారి పట్టాను. సిమెంటు లారీల వెనక నత్తలాగా పోయాను. సార్ వాచీ చూసుకోవడం అద్దంలో కనపడుతోంది. పదకొండూ యాభైకి ఆయన సీటు అంచుకు వచ్చి కూర్చున్నాడు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఉండాలి, అందరికీ తెలియాలి ఆ నొప్పి అనుకున్నాను. ఎంబసీ ముందు బండి ఆపేసరికి పన్నెండూ పది. సార్ పరిగెత్తాడు. గేటు దగ్గర కాపలా మనిషి చేతులు అడ్డంగా ఊపాడు.

ఆయన తిరిగొచ్చి, వెనక సీట్లో కాదు, నా పక్కన కూర్చున్నాడు. అల్ సద్‌లో టీ కొట్టు దగ్గర ఆపమన్నాడు. రెండు యాలకుల కరక్ టీలు తెప్పించి ఒకటి నా చేతికిచ్చాడు. తిడతాడని ఎదురు చూస్తున్నాను. తిడితే బాగుండేది.

"మా నాన్న కాలంలో ఓట్ల పెట్టెల్ని ఎత్తుకుపోయేవాళ్ళు" అన్నాడు. "చచ్చిపోయినవాళ్ళు కూడా ఓటు వేసినట్టు రాసుకునేవాళ్ళు. మా నాన్నకు అప్పుడు పాతికేళ్ళు. చెరకు తోటలో కూలి. సాయంత్రం మేయరు మనుషులు వస్తే పెట్టె మీద పడుకున్నాడు. కర్రలతో కొట్టారు. అప్పటి నుంచి ఎడమ చెవి వినపడదు. తర్వాత మా ఇంట్లో ఎవరూ ఏ ఎన్నికలోనూ ఓటు మానలేదు. మా అమ్మ నడవలేని రోజుల్లో కుర్చీతో సహా మోసుకెళ్ళాం." టీ కప్పు నలిపి డబ్బాలో వేశాడు. "మొదటిసారి మానింది నేనే. నాన్నకు ఏమని చెప్పాలో తెలియడం లేదు." తర్వాత నా భుజం తట్టి, "నీ తప్పేముంది, ట్రాఫిక్" అన్నాడు.

ఆ భుజం తట్టడానికి బదులు చెంప పగలగొట్టి ఉంటే ఆ పూటే మరిచిపోయేవాణ్ణి. మర్నాడు పళ్ళు తోముకుంటూ అలవాటు కొద్దీ తమ్ముణ్ణి తిట్టబోయాను. మాట నోట్లోంచి రాలేదు. నీచుడా అనాలి. అద్దంలో ఎవరున్నారో కనపడుతూనే ఉంది.

నా అదృష్టమో ఏమో, వాళ్ళ ఎన్నిక ఒక్క రోజుతో తేలదు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే, వారం తర్వాత మళ్ళీ ఓటింగ్ పెడతారు. సార్ ఊళ్ళో అదే జరిగింది. సోమవారం పొద్దున నేనే అడిగాను. "సార్, ఇవాళే వెళదామా ఎంబసీకి?" ఆయన నన్ను ఒకలా చూసి సరే అన్నాడు. ఆ రోజు తలుపు తీయకముందే గేటు దగ్గర నిలబడ్డాం. పావుగంటలో పనైపోయింది. ఆయన సంతకం పెట్టి వస్తుంటే మళ్ళీ నాకు కడుపులో రగిలింది. మంచి పని చేస్తే మంట పోతుందనుకున్నాను. పోలేదు.

ఆదివారం ఇక్కడ పనిరోజు. మామూలుగానే మెసయీద్ బయలుదేరాం. ఏడింటికి సార్ ఫోన్ మోగింది. అక్కడ ఎనిమిది, అప్పుడే ఓటింగ్ మొదలు. వాళ్ళ అక్క వరసలో అందరికంటే ముందు నిలబడి, ఫోన్ ఆపకుండా సంచిలో పెట్టుకుంది. సార్ నన్ను అడిగి, కారు స్పీకర్‌లో పెట్టాడు. మనుషుల గుసగుసలు, కుర్చీలు జరిపిన చప్పుడు వినిపించాయి. వాళ్ళ దగ్గర ఓట్ల పెట్టె ఇప్పుడు అద్దంలా ఉంటుందట, లోపలి ఓట్ల కవర్లు అందరికీ కనపడాలని. ముందు అక్క పేరు చదివారు. తర్వాత ఒక మగగొంతు సార్ పేరు చదివింది. ఇంటిపేరుతో సహా, గట్టిగా, బడిలో హాజరు వేసినట్టు. కవరు పడగానే ఆ గొంతే ఫ్రెంచిలో రెండు మాటలు అంది. "ఓటు వేశారు అని అందరికీ వినపడేలా చెబుతారు. మా దగ్గర ఆనవాయితీ" అన్నాడు సార్. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

సముద్రం అవతల ఒక ఊళ్ళో ఆయన పేరు గట్టిగా చదివారు. నా పేరు చదవడానికి కాగితాలు రెండుసార్లు తిరగేసి లేదన్నారు. ఇక ఆగలేకపోయాను. బండి పక్కకు తీసి ఆపాను.

"సార్, ఆ రోజు ట్రాఫిక్ కాదు. కావాలనే ఆలస్యం చేశాను."

"తెలుసు" అన్నాడు. "టాంకులో సగానికి పైనే ఉంది. మీటర్ల ముళ్ళు చూడటమే కదా నా ఉద్యోగం."

తెలిసి కూడా టీ ఇప్పించాడా? తెలిసి కూడా నీ తప్పు లేదన్నాడా? "మరి ఎందుకు ఊరుకున్నారు సార్? కంపెనీకి ఒక్క ఫోన్ కొడితే నా ఉద్యోగం పోయేది" అన్నాను.

"కొడదామనే అనుకున్నాను. ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను. నాన్నను కొట్టినవాడు మా వీధిలోనే ఉండేవాడు. తర్వాతి ఎన్నికలో నాన్న వెళ్ళి వాడి వెనకాలే నిలబడ్డాడు. 'వాణ్ణేమీ అనలేదు, వాడు ఓటు వేసేదాకా ఆగి నేను వేశాను' అంటాడు ఎప్పుడూ. నీ సంగతి చెబితే, ముందు ఆ డ్రైవర్‌కు ఏం జరిగిందో అడగరా అన్నాడు. అడగడానికి నాకే మొహమాటం వేసింది. ఇప్పుడు చెప్పు. ఏం జరిగింది?"

చెప్పాను. తెల్ల చొక్కా, తలంటు, ఒక్క ఓటు, కుళాయి, అన్నీ. ఆయన చాలాసేపు విని, "పేరు తీయించినవాణ్ణి ఎందుకు చేశావని అడిగావా?" అన్నాడు. లేదన్నాను. డ్యూటీకి ఆలస్యమవుతోంది, పోనిమ్మన్నాడు. ఆ మర్నాడు తెలిసింది, వాళ్ళ మనిషి ఓడిపోయాడట. "ఆరేళ్ళకు మళ్ళీ వస్తుందిలే" అని పేపరు తెరిచాడు. అంత సులువుగా అనగలిగినందుకు కూడా నాకు ఆయన్ని చూస్తే అసూయే వేసింది.

ఆ సాయంత్రం గది బయట మెట్ల మీద కూర్చుని తమ్ముడికి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. "అన్నయ్యా" అన్నాడు.

"ఎందుకు చేశావురా?" అన్నాను. తిట్టాలనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

వాడు దాచలేదు. "పొద్దున్న లేచి తలుపు తీస్తే నీ డాబాయే కనపడుద్దన్నయ్యా. రోజూ అదే. మనిద్దరం ఒకే ఇంట్లో పుట్టాం కదా, నువ్వు వెళ్ళావు, నేను ఉండిపోయాను అనిపిస్తాది. నువ్వు నన్నేం అన్లేదు, నాకు తెల్సు. కానీ ఓటన్నా నీకు లేకుండా చేద్దామనిపించింది. అయిపోయాక వదినగారు బిందెతో ఎదురొస్తే తల ఎత్తలేకపోయాను. తిట్టన్నయ్యా. ఏదోటి అను."

నేను పొద్దున లేచి కారు తలుపు తీస్తే ఎవరి ముఖం చూస్తానో వాడికి తెలియదు. తిట్టడానికి నాకు మొహం చెల్లలేదు. భోంచేశావా అని అడిగాను. లేదన్నాడు. వెళ్ళి తిను, నాకు పొద్దున్నే మెసయీద్ డ్యూటీ ఉంది అని చెప్పి పెట్టేశాను.